గోరు పెట్టని పొగడ

ఉమామహేశ్వరం ఎడమచేతి బొటనవేలి గోరు యానాం అంతా ఎరుగును. మిగతా తొమ్మిదీ కత్తిరించుకుని దాన్నొక్కదాన్నే పెంచుకునేవాడాయన. ఎవరింటి ముందు పూలచెట్టు వాడిపోయినా కబురొచ్చేది. వెళ్లి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, బెరడు మీద ఆ గోటితో సన్నగా గీసేవాడు. లోపల పచ్చగా కనిపిస్తే, "బతికే ఉందండీ, కత్తి పెట్టకండి" అనేవాడు. పొడి రాలితే ఇంకోచోట గీసేవాడు. నాలుగుచోట్ల గీస్తేగానీ చచ్చిందన్న మాట ఆయన నోట వచ్చేది కాదు.

రెండువేల ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్లోకొచ్చి రోజుల తరబడి తిష్ఠ వేసింది. నీళ్లు తీశాక చెట్లన్నీ ఆకులు మాడ్చుకుని నిలబడ్డాయి. ఉమామహేశ్వరానికి అన్నం తినే తీరిక లేకపోయింది. మొదళ్ల మీద పేరుకున్న ఒండ్రు తీయించాడు, నీరు పోయేలా బోదెలు కొట్టించాడు, ఎరువు వేయబోయినవాళ్లని ఆపాడు. "వేళ్లు నాని నీరసంగా ఉన్నాయండీ. రెండు నెలలు ఓపిక పట్టండి" అని ఇంటింటికీ చెప్పాడు. తురాయిలు చిగుర్లేశాయి, గన్నేర్లు తేరుకున్నాయి. ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు కాస్తా నెత్తికెక్కింది. మనిషన్నాక ఎక్కుతుంది, కాదనను. కానీ దాని ఖరీదు ఆరోగ్యమ్మగారి పొగడ చెల్లించింది.

ఆరోగ్యమ్మగారికి డెబ్బై ఏళ్లు. పెళ్లయిన ఏడు ఆవిడ భర్త లూయిస్‌గారు గుమ్మం ముందు నాటిన చెట్టది. ఆయన పోయాక ఆవిడ రోజూ దాని పూలేరి, దండ గుచ్చి, మరియమ్మ పటానికి వేసేది.

ఒకరోజు ఉమామహేశ్వరం పక్క ఊరు అడవిపొలంలో బావమరిది గృహప్రవేశానికి బయల్దేరాడు. ఇస్త్రీ చేసిన తెల్లపంచె, భుజాన కండువా. ఆరోగ్యమ్మగారు గుమ్మంలోంచి పిలిచింది.

"ఉమామహేశ్వరం, మా పొగడ ఆకు మొత్తం రాల్చేసింది. కాస్త చూసెళ్లు నాయనా."

చెట్టు చుట్టూ ఇంకా మోకాలు దిగే బురద. ఆయన సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, రోడ్డు మీంచే ఎగాదిగా చూశాడు.

"పోయిందండీ అది. గాలొస్తే ఇంటి మీద పడుద్ది, కొట్టించేయండి."

అని తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. అడవిపొలంలో రెండుసార్లు పులిహోర వడ్డించుకుని తిన్నాడు కూడా.

మర్నాడు సాయంత్రం అటుగా వస్తుంటే మోకాలెత్తు మోడు కనిపించింది. కోసినచోట తెల్లటి పాలు ఊరి, చుట్టూ బొట్లు కట్టి ఉన్నాయి. చచ్చిన చెట్టుకి పాలెక్కడివి? ఆయన చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని ముందు అటూ ఇటూ చూసుకున్నాడు. అలా చూసుకున్నందుకు మరింత సిగ్గుపడ్డాడు. ఇంటికెళ్లి ఆ గోరు మొదలంటా కోసేశాడు, మళ్లీ పెంచలేదు. ఆ వీధి మానేశాడు. చేపల బజారుకి కూడా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఎవరైనా చెట్టు చూడమంటే ఒంట్లో బాగాలేదనేవాడు.

నవంబరులో ఆరోగ్యమ్మగారు స్వయంగా వాళ్లింటికే వచ్చింది. ఇక తప్పించుకునే దారి లేక వెంట నడిచాడు. మోడు పక్కనుంచి బెత్తెడేసి చిగుళ్లు నాలుగు లేచి ఉన్నాయి.

"చూశావా, నీ మాట విని కొట్టించబట్టే మళ్లీ పుట్టింది. ఫాదర్‌గారికి కూడా చెప్పాను, నీ చెయ్యి అలాంటిదని."

తిట్టినా ఓర్చుకునేవాడే. ఈ మెప్పు మాత్రం భరించలేకపోయాడు.

"నేనావేళ గోరు పెట్టి చూడలేదండీ. పంచెకి బురదవుద్దని సైకిలు దిగలేదు" అన్నాడు తల వంచుకుని.

"దిగలేదని నేనూ చూశానుగా. దిగకుండానే తెలుసుకునేంత అనుభవం వచ్చేసిందేమో అనుకున్నాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కాసేపు మోడు వంకే చూసింది.

"అయితే అప్పటికి బతికే ఉందా?"

"ఉందండీ."

ఆరోగ్యమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"ఈ నాలుగు చిగుళ్లలో ఏది ఉంచాలో చెప్పు. ఈసారి కూర్చుని చూడు."

ఉమామహేశ్వరం తడి నేల మీద పంచెతోనే చతికిలబడ్డాడు. గీయడానికి గోరు లేదు. ఒక్కొక్క చిగురునీ వేలితో తడిమి, అది మోడుని ఎంత గట్టిగా పట్టుకుందో చూస్తూ, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.