ఆళ్లగడ్డలో ఎర్వాన్ ముఖం

మాది యానాం. ఫ్రెంచి వచ్చు కాబట్టి ఎవరెవరి పనులో నా నెత్తిన పడుతుంటాయి. మొన్న మార్చిలో పడ్డ పని మాత్రం కొత్తది. ఫ్రాన్సు నుంచి సొలేన్ అనే పెద్దావిడ వస్తోంది, ఆళ్లగడ్డలో చెక్కించిన భర్త విగ్రహాన్ని చూసుకోవాలి, మాట తర్జుమా చేసి చెప్పడానికి వెంట ఒక మనిషి కావాలి. సరేనన్నాను.

విజయవాడలో రాత్రి బండి ఎక్కాం. స్లీపరు చాలందావిడ. నేనే పట్టుబట్టి ఏసీ తీసుకున్నాను. ఎండల్లో నంద్యాల వైపు వెళ్లేవాళ్లు పిసినారితనం చూపించకపోవడమే మంచిది. తెల్లవారేసరికి గిద్దలూరు దాటాం. నల్లమల కొండల్లో బండి నింపాదిగా పోతుంటే ఆవిడ భర్త గురించి చెప్పుకొచ్చింది.

ఎర్వాన్ పుట్టింది పలకరాయి గనుల ఊళ్లో. తండ్రి ఆ రాతిదుమ్ము మింగే పోయాడు. మీసాలు రాకముందే కొడుకూ అదే గనిలో దిగి, మొదటి జీతంతో ఒక పాత గిటారు కొన్నాడు. సమ్మె శిబిరాల్లో పాడాడు, కాఫీ హోటళ్లలో పాడాడు. రాసేదీ తనే, బాణీ కట్టేదీ తనే. పారిస్‌లో రికార్డు కంపెనీవాళ్లు పిలిచి, గనుల గొడవ మాని ప్రేమపాటలు రాయమంటే లేచి వచ్చేశాడట. వయసులో దేశాలు తిరుగుతూ బేతంచెర్ల నాపరాయి గనుల దగ్గర కొన్నాళ్లు ఉండిపోయాడు. అక్కడి కూలీల మీద కట్టిన పాటే చివరికి అతనికి పేరు తెచ్చింది. “నాకు బొమ్మంటూ పెడితే ఆ వైపు మనుషులతోనే చెక్కించు” అనేవాడట నవ్వుతూ. గొంతు క్యాన్సర్‌తో అతను పోయాక, సొంతూరివాళ్లు చౌరస్తాలో విగ్రహం పెడతామంటే ఈవిడ ఆ మాట పట్టుకుంది.

“పాడుతున్న ఎర్వాన్‌ని మళ్లీ చూడాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు,” అంది. అందుకే అతను పాడుతున్న ఫొటో ఒక్కటే విగ్రహం చెక్కే ఆచారికి పంపింది.

ఎదుటి బెర్తులో నంద్యాల రైసుమిల్లు ఆసామి ఒకాయన మమ్మల్నే చూస్తున్నాడు. “ఈయమ్మ మొగుడు సినిమాల్లో పాడేటోడా అన్నా?” అన్నాడు. కాదు, సొంతంగా రాసుకుని పాడేవాడని చెప్పాను. “దాంట్లో దుడ్లు వస్తాయా?” అన్నాడు. ఆ మాట ఫ్రెంచిలో చెబితే ఆవిడ పగలబడి నవ్వింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

నంద్యాలలో దిగి స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మిరపకాయ ఘాటుకు ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ ప్లేటు ఖాళీ చేసింది. ఆటోలో బస్టాండుకు పోయి ఆళ్లగడ్డ బస్సెక్కితే, పది దాటేసరికి ఊళ్లో ఉన్నాం.

ఆచారి పేరు బ్రహ్మయ్య. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు చెయ్యెత్తి నిలబడ్డ నాయకులు, పక్కన పేరు పెట్టని దేవుళ్లు. కోత మిషను ఆపించి, లోపల తడిగుడ్డ కప్పిన నల్లరాతి విగ్రహం దగ్గరికి తీసుకుపోయాడు. “సూడమ్మా,” అంటూ గుడ్డ లాగాడు.

పని గొప్పగా ఉంది, అబద్ధమెందుకు. ముక్కు, నుదుటి మీద ముడత, కోటు గుండీ, అన్నీ ఉన్నాయి. సొలేన్ ఒక్క అడుగు వెనక్కి వేసింది. విగ్రహం నోరు మూసుకుని, కళ్లు విప్పార్చి ఆవిడనే చూస్తోంది.

“ఫొటోలో ఇలా లేదు కదా?” అన్నాను.

“లేదన్నా. దాంట్లో కండ్లు మూసుకోని నోరు తెరిసినాడు. అట్ల చెక్కితే పాడె మీద పండబెట్టిన మనిషి మాదిరి ఉంటాది. సచ్చిన మొగం యాడన్నా నిలబెడ్తారా? అందుకే నోరు మూసి, కండ్లు తెరిసినా. ఇప్పుడు సూడు, పలకరిస్తే పలికేట్లుండాడు.”

అది ఆవిడకు ఫ్రెంచిలో చెప్పాను. ఆవిడ అక్కడున్న రాతి దిమ్మె మీద కూర్చుంది.

“ఆపరేషన్ తర్వాత ఒక శీతాకాలమంతా బతికాడు. గొంతు తీసేశారు. కాగితం ఇచ్చినా రాసేవాడు కాదు. పెదవులు బిగించి, రెప్ప వాల్చకుండా నన్ను చూస్తూ పడుకునేవాడు. ఇదే ఆ ముఖం. ఈయనకి ఎలా తెలిసింది?”

ఆ మాట తెలుగులో చెప్పేసరికి బ్రహ్మయ్య తలగుడ్డ తీసి చేతిలో నలుపుకున్నాడు. “నాకేం తెలుసన్నా. బతికినోని మాదిరి చేద్దామనుకున్నా,” అన్నాడు. “నోరంటే ఇప్పుడైనా తెరుస్తా. కండ్లు మాత్రం మూయలేను. తీసేసిన రాయి మళ్లా రాదు.”

నోరు తెరిస్తే ఎలా ఉంటుందని ఆవిడ అడిగింది. బ్రహ్మయ్య విగ్రహం పక్కన నిలబడి, కళ్లు అలాగే పెద్దవి చేసి, నోరు తెరిచి చూపించాడు. గొంతు మీద కత్తి పెడితే కేకవేస్తున్న మనిషిలా ఉన్నాడు. ఆవిడ చప్పున ముఖం తిప్పుకుంది.

“వద్దు. ఇలాగే పెట్టెలో పెట్టమనండి.”

ఇంకొకటి చెక్కుతానని ఆచారి బతిమాలాడు. తమ ఊళ్లో ఆవిష్కరణ దగ్గర పడిందని సొలేన్ అంది. నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆళ్లగడ్డలో విగ్రహం చెక్కించుకునేవాళ్లకి మాత్రం ఒకటి చెబుతాను. ఫొటో పంపి ఊరుకోకండి. వచ్చి కూర్చుని, ఆ మనిషి ఎట్లా బతికాడో, ఎట్లా పోయాడో ఆచారికి చెప్పండి.

మధ్యాహ్నం నంద్యాల బస్సులో తిరుగుముఖం పట్టాం. పక్క సీట్లో ఒడిలో మామిడికాయల సంచి పెట్టుకున్న ముసలామె సొలేన్‌ను చూసి నన్నడిగింది. “ఈయమ్మ ఏడుస్తాండాదే, ఏందప్పా?”

“మొగుడి విగ్రహం చేయించుకుందమ్మా.”

“బాగొచ్చిందా?”

“బాగొచ్చింది,” అన్నాను.

ఏమడిగిందని సొలేన్ అడిగితే చెప్పాను. నా జవాబు కూడా చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

“సరిగ్గానే చెప్పారు. మా ఊళ్లోవాళ్లూ అచ్చం ఎర్వానే అంటారు,” అంది. “చౌరస్తా మీదుగా కాకుండా మా ఇంటికి ఇంకో దారి ఉంది. కాస్త చుట్టు, అంతే.”