దూడ పొట్ట మీద అమ్మవారు

దేవుడూ సైన్సూ ఒకే ఇంట్లో కాపురం చేయగలవా అని ఈమధ్య మా వీధి గ్రంథాలయంలో ఒక సభ పెట్టారు. ఒకాయన చేయగలవన్నాడు. ఇంకొకాయన చస్తే చేయలేవన్నాడు. ఇద్దరూ బాగానే మాట్లాడారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. లేచి మా ఇంటి సంగతి చెప్పాలని రెండు మూడుసార్లు అనిపించింది. చెబితే ఆ తర్వాత మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చుండిపోయాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పలక మీద. నోటితో చెప్పలేనిది రాయడానికైనా ఆ చదువు పనికి రావాలి కదా.

యుద్ధం జరుగుతున్న రోజులు. బియ్యానికి రేషను, కిరసనాయిలుకు రేషను. కన్నడం వాళ్ళ ఊళ్ళో, కాటన్‌పేటలో ఒక సందులో ఉండేవాళ్ళం. నేను, నా భర్త, అత్తగారు, ఏడాది నిండని నా కూతురు. నా భర్త పని దూడలను కడగడం. మశూచి రాకుండా చేతి మీద గీరి వేసే మందును మేము దాకు అనేవాళ్ళం, కన్నడం వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాట. ఆ మందు తయారుచేసే చోటు ఊరి చివర ఉండేది. అది దూడ పొట్ట మీద పుడుతుందని చాలామందికి తెలియదు. దూడను బల్ల మీద పడుకోబెట్టి కట్టేస్తారు. పొట్ట మీద వెంట్రుకలు గొరిగి, కడిగి, సన్నగా గీతలు గీసి, పాత మందు రాస్తారు. కొన్నాళ్ళకు ఆ గీతల వెంట పొక్కులు లేస్తాయి. వాటిని గీకి, నూరి, సన్నటి గాజు గొట్టాల్లో నింపి ఊరూరా పంపుతారు. గొరగడం, కడగడం, కట్టడం నా భర్త పని. గీకేది డాక్టరు.

ఆ పొక్కులను మా ఇంట్లో పొక్కులు అనేవాళ్ళం కాదు. అచ్చం మనిషికి పోసినట్టే ఉందని నా భర్త మొదటిరోజే వచ్చి చెప్పాడు. ఇక అత్తగారికి అది అమ్మవారే. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే తాలింపు వేయరు, ఆ ఘాటు తల్లికి గిట్టదు. తల దువ్వరు. తగ్గి మూడు నీళ్ళు పోసేదాకా ఒంటికి నీళ్ళు తగలనివ్వరు. వాకిట్లో వేపమండ కడతారు. దూడకు పోసినా తల్లి తల్లే, తల్లిని తాకిన చేతులతోనే కదా వీడు ఇంటికి వచ్చేది అని అత్తగారు ఆ నియమాలన్నీ మా ఇంటికి పెట్టింది. ఆ కొట్టంలో ఏదో ఒక దూడకు ఎప్పుడూ పోసే ఉంటుంది. కాబట్టి మా ఇంట్లో ఆవాలు చిటపటలాడిన రోజు పండగ కింద లెక్క. ఎదురింట్లో అంగడివాళ్ళ ఆవిడ ఉండేది. తాలింపు వాసన రాకపోతే చాలు, పిట్టగోడ మీదనుంచి తల పెట్టేది.

"ఏమ్మే, ఈపొద్దు కూడా దూడకు అమ్మోరేనా?"

"అవునక్కా."

"మీ ఇంటి చారు తాగేదానికన్నా ఆ దూడను కడిగిన నీళ్ళు తాగేది మేలప్పా!"

నేనూ నవ్వేదాన్ని. లోపలికి వచ్చి మొగుడి మీద పళ్ళు నూరేదాన్ని. ఆయన ఉద్యోగం గురించి సిగ్గు, అత్తగారి నియమాల గురించి సిగ్గు. పక్కవాళ్ళ మాదిరి మామూలుగా బతకలేకపోతున్నామని సిగ్గు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఊళ్ళో మశూచి వచ్చింది. మా వెనక వీధిలో రెండు ఇళ్ళకు వేపమండలు కట్టారు. ఒక ఇంట్లో పిల్లవాడు దక్కలేదు. మరుసటి వారమే దాకు వేసేవాడు తగరపు పెట్టె పట్టుకుని మా సందుకు వచ్చాడు. ఆడవాళ్ళందరూ పిల్లలను చంకనేసుకుని చుట్టూ మూగారు. నేనూ నా బిడ్డను ఎత్తుకుని వెళ్ళాను.

ఎదురింటి ఆవిడ నన్ను ముందుకు తోసింది. "ముందర ఈయమ్మ బిడ్డకు వెయ్యి నాయనా. ఆ మందు చేసేదే వీళ్ళింటాయన."

"దూడలాయన ఇల్లు ఇదేనా?" అన్నాడు వాడు నవ్వుతూ. "అయితే ఇంట్లోనే వేసుకోనుంటారు. నాతో ఏం పని తల్లీ మీకు!"

బిడ్డ చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాను. వెనకనుంచి అత్తగారు వచ్చి, ఒక్కమాట లేకుండా బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. అంతమంది మధ్య ఖాళీ చేతులతో నిలబడ్డాను.

"వాళ్ళాయన చేసిన మందు మన బిడ్డలకంట, వాళ్ళ బిడ్డకు వద్దంట!" ఎదురింటి ఆవిడ చేతులు తిప్పింది. "అందులో ఏం కలిపినాడో చెప్పు తల్లీ, మేమూ తెలుసుకుంటాము."

నవ్వులు. ఒక ఆవిడ మాత్రం నవ్వకుండా తన బిడ్డ చెయ్యి వెనక్కి లాక్కుంది. అది చూసి దాకువాడికి కోపం వచ్చింది. "లోపలికి పో తల్లీ నువ్వు. నీ వల్ల నా పని చెడేటట్టుండాది." ఆ ఆవిడను బతిమాలి, బెదిరించి, అందరికీ వేసి వెళ్ళాడు. మా ఇల్లొక్కటి మిగిలింది.

మరుసటి పొద్దున నా భర్త రాగి గంజి తాగుతుంటే ముందు కూర్చున్నాను. ఊరందరి పిల్లల కోసం పనిచేసేవాడివి, నీ పిల్లకు ఎందుకు వద్దని అడిగాను.

"నేను ఆ తల్లికి మాటిచ్చిండాను," అన్నాడు. "కట్టేసిన ప్రతి దూడ చెవిలోనూ చెప్తాను. నోరులేని దాని మీద నిన్ను గీకతాండాము, కడుపు కోసరం చేసే పని, కోపం పెట్టుకోవద్దు, నా గడప మాత్రం తొక్కొద్దు తల్లీ అని. ఇన్నేండ్లూ ఆ తల్లి తొక్కలేదు. ఇప్పుడు నేనే గీరి పిలిస్తే నా మాటకు ఏం మర్యాద?"

"ఊరోళ్ళ గడపలు తొక్కితే పర్వాలేదా?"

సగం గంజి వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఆయన మూర్ఖుడు కాడు. ఆ ప్రశ్న ఆయనకు ఎప్పుడో తట్టి ఉంటుంది, ఎవరూ అడగకూడదని చూసుకుంటూ వచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఆయనకు ముద్ద కట్టుకుని, అత్తగారితో కూడు ఇచ్చి వస్తానని చెప్పి, బిడ్డతో ఆ కొట్టానికి నడిచాను. నేను వెళ్ళేసరికి దూడ బల్ల మీద ఉంది. నా భర్త దాని చెవి దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు. నిలువు నామం పెట్టుకున్న డాక్టరు చేతిలో గీకే కత్తితో, ఆయన ముగించేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడి ఉన్నాడు. తొందరపెట్టలేదు, నవ్వలేదు. నాకు అది చూడగానే తిక్క పుట్టింది. గీకడం అయిందాకా ఆగి నేరుగా డాక్టరునే అడిగాను.

"అయ్యా, ఆ పొట్ట మీద ఉండేది అమ్మోరా, కాదా? ఒక్కమాట చెప్పండి."

"రోగమమ్మా అది. అమ్మవారు కాదు."

"మరి ఈయన చెవిలో చెప్పేదాకా మీరు ఏంటికి నిలబడతారు?"

డాక్టరు కత్తి తుడుచుకున్నాడు. "మీ ఆయన చెప్పినాక దూడ కుదురుగా పడుకుంటుంది," అన్నాడు. ఆ జవాబు ఆయనకే చాలినట్టు లేదు. "నేనూ పొద్దున సంధ్య వార్చకుండా ఈ కత్తి పట్టనమ్మా. రెండింటికీ పొత్తు ఎట్లా కుదిరిందో నన్నడగొద్దు. నాకు తెలియదు. బిడ్డకు వేయాలా, వద్దా? అది చెప్పు."

"వెయ్యండి."

నా భర్త దూడ కట్లు విప్పుతున్నవాడు విప్పుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. వద్దనీ అనలేదు. డాక్టరు బిడ్డ చేతి మీద గీరి మందు పెట్టి, నీళ్ళు తగలనీయొద్దు, ఏమీ పూయొద్దు, ముట్టుకోనే వద్దు అని మరీ మరీ చెప్పాడు.

ఇంటికి రాగానే అత్తగారు చూసింది. "ఏమే ఇది, చెయ్యి ఇట్లా గీరుకోనుండాది?"

"కొట్టంలో తడిక తగిలిందత్తా," అన్నాను. ఆ అబద్ధం నేను ముందుగా అనుకున్నది కూడా కాదు. నోట్లోంచి అట్లా వచ్చేసింది.

"అయ్యో నా తల్లీ, చూసుకోవద్దా!" అని ఆమె వేన్నీళ్ళు కాచింది. గుడ్డతో ఆ గీతలను బాగా తోమి కడిగింది. పసుపూ సున్నమూ కలిపి మందంగా పట్టీ వేసింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఒక్కమాట చెబితే ఆగేది. చెప్పలేదు. మందు లోపలికి ఎప్పుడో పోయి ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వారం తిరిగాక దాకువాడు మళ్ళీ వచ్చాడు. వేసినవి పట్టాయా లేదా అని చూడడానికి వాళ్ళు అట్లా వస్తారు. సందులో పిల్లలందరి చేతుల మీదా పొక్కులు లేచాయి. అవి చూసి నాకు అంతకుముందు పడిన అవమానం తీర్చుకోవాలనిపించింది. అత్తగారు లోపల ఉంది కదా అనుకున్నాను. బిడ్డను ఎత్తుకుని గుంపు మధ్యకు పోయి గట్టిగానే అన్నాను.

"నా బిడ్డకు పెద్ద డాక్టరే వేసినాడు. చూసుకోండి!"

చెయ్యి పైకి ఎత్తి చూపించాను. నున్నగా ఉంది. పసుపు మరక తప్ప ఏమీ లేదు. నేనే ఎందుకు ముందు చూసుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

దాకువాడు వేలితో తడిమాడు. "ఇది పట్టలేదు తల్లీ. ఏం పూసినారు దీనికి?"

"పసుపు!" ఎదురింటి ఆవిడ చప్పట్లు కొట్టింది. "దాకుకు పసుపు పూసినారంట, దూడలాయన ఇంట్లో!"

అంతా నవ్వుతుండగా వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. గడప దగ్గర నిలబడి ఉంది.

"తడిక గీరుకునిందంటివి కదే."

నేను తల వంచుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మోరని చెప్పింటే నేను నీళ్ళు తగలనిస్తానా? మూడు నీళ్ళు పోసే రోజు వచ్చేదాకా తల్లి ఉండే చోట గోరు తగలనిస్తానా? నేను పుట్టినప్పటినుంచీ చేస్తాండేది అదే కదా. గీరుకునిందంటివి, పసుపు పూస్తిని." ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నన్ను ఏమనుకుంటివే? చెప్తే అర్థం కాని రాయనుకుంటివా?"

"మరి మొన్న బిడ్డను లాక్కోని పోతివి కదవ్వా?" అన్నాడు దాకువాడు.

"పిలవకుండా, దీపం పెట్టకుండా, సంతలో పశువుకు వాత పెట్టినట్టు పెడతాంటే లాక్కోక ఏం చేస్తాను? నన్ను ఎవురైనా అడిగినారా?"

నిజమే. ఆమెను ఎవరూ అడగలేదు. డాక్టరును అడిగాను, మొగుడిని అడిగాను. ఆమెను మాత్రం అడగలేదు. అడిగేంత మనిషి అని అనుకోలేదు. డాక్టరు ఏమీ పూయొద్దన్నదీ, ఆమె గోరు తగలనివ్వనన్నదీ ఒకటే మాట. ఆ రెండింటి మధ్య అబద్ధం పెట్టింది నేను.

"మళ్ళా వెయ్యి," అంది అత్తగారు. "అయితే సాయంత్రం రా. నా కొడుకు రానీ. తల్లిని రావద్దని చెప్పినోడు వాడు, వాడే రమ్మని పిలవల్ల."

దాకువాడు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. పొద్దు వాలేవేళకు వచ్చాడు. నా భర్త స్నానం చేసి తడిపంచతో, చేతిలో వేపమండతో గడపలో నిలబడ్డాడు. సందంతా చూస్తోంది. దూడ చెవిలో రహస్యంగా చెప్పుకునే మనిషి, అందరి ముందూ పైకి చెప్పాల్సి వచ్చింది.

"రావద్దంటిని తల్లీ," అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "నేనే రమ్మంటాండాను. చిన్న బిడ్డ. చల్లగా రా."

"అయిందా అప్పా?" అన్నాడు దాకువాడు. "నాకు ఇంకా రెండు సందులుండాయి."

అయిందన్నాడు నా భర్త. అత్తగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చెయ్యి పట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎదురింటి ఆవిడ కూడా నవ్వలేదు.

ఆ తర్వాత రోజులు నాకు శిక్ష. అత్తగారు బిడ్డను వేపాకుల మీద పడుకోబెట్టుకుని నన్ను లోపలికి రానివ్వలేదు. "అబద్ధం చెప్పిన నోటితో తల్లి దగ్గర కూచోకూడదు. పాలకు పిలుస్తాను, అప్పుడు రా." అరుగు మీద కూర్చునేదాన్ని. వచ్చేపోయేవాళ్ళు చూసేవాళ్ళు. లోపల బిడ్డ ఏడిస్తే రవిక తడిసిపోయేది, కొంగు కప్పుకుని పిలుపు కోసం ఎదురుచూసేదాన్ని. తప్పు ఆమెదని ఒక్కసారి కూడా అనుకోలేకపోయాను.

నా భర్త తిండి అరుగు మీదికే తెచ్చుకుని నా పక్కన తినేవాడు. ఒకరోజు తింటూ తింటూ ఆగాడు.

"ఆ పొద్దు బిడ్డ చేతికి పసుపు నేను చూసినానే."

"చూసి?"

"హాయనిపించింది. తల్లి నా మాట నిలిపిందనుకుంటిని. బిడ్డ సంగతి గ్యాపకమే రాలేదు."

ఆయన్ని ఒక మాట అనడానికి నాకేం అర్హత ఉంది?

పొక్కు లేచింది, నీరు పట్టింది. ఒకరోజు బిడ్డకు ఒళ్ళు కాలింది. బిడ్డ ఆ చేతి మీదికి ఒత్తిగిలకుండా అత్తగారు కాపలా కాసింది. పొక్కు ఎండి, చెక్కు కట్టి, రాలింది. మూడు నీళ్ళూ పోశాక బిడ్డను కొత్త గుడ్డలో చుట్టి అరుగు మీదికి తెచ్చింది.

"ఇంద. పట్టింది. ఇంక ఎత్తుకో."

క్షమించు అత్తా అనాలని ఆ రోజులన్నీ కూడగట్టుకున్నాను. బిడ్డ చేతికి రాగానే, "పాలిస్తానత్తా," అన్నాను.

"ఇయ్యి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.