ఎల్ఎన్ లోపల ఇరుక్కున్న ఐదు

నీష్ నగరంలోని నీటి శుద్ధి కేంద్రంలో బిసెర్కా పద్దెనిమిదేళ్ళుగా ప్రయోగశాల సహాయకురాలు. ఊరంతా తాగే నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో తేల్చేది ఆవిడే. పట్టా మాత్రం చేతికి రాలేదు. పందొమ్మిదో ఏట మొదలెట్టిన ఇంజనీరింగును పెళ్ళి, పిల్ల, ఉద్యోగం మధ్య ఇరవై రెండేళ్ళు ఈడ్చింది. ఇరవై ఆరు పరీక్షలు గట్టెక్కి, ఒక్క లెక్కల దగ్గర ఆరుసార్లు బోల్తాపడింది. పాత పద్ధతిలో చేరినవాళ్ళకు ఈ సెప్టెంబరు విడతే ఆఖరు. ఇది తప్పితే ఆ ఇరవై ఆరూ చెల్లవు.

ఆవిడ గడప దాటగానే అత్త స్తమెంకా వెనకనుంచి మెట్లమీద నీళ్ళు కుమ్మరించింది. పరీక్షకు వెళ్ళేవాళ్ళ పని నీళ్ళలా సాగిపోవాలని అక్కడ ప్రతి ఇంట్లోనూ చేసేదే. కాకపోతే ఈసారి బిసెర్కా మడమలు తడిసిపోయాయి.

"ఇదేంటత్తా, బకెట్టా?"

"ఆరుసార్లు గ్లాసుతో పోశా, ఏం ఒరిగింది? నీళ్ళ పని చేసేదానివి, నీళ్ళకే వంకలా? వెనక్కి చూడకుండా పో!"

రాతపరీక్ష ముందురోజే గట్టెక్కింది. ఇక నోటి పరీక్ష. ప్రొఫెసర్ నినోస్లావ్ బల్లమీద చీటీలు బోర్లించి ఉన్నాయి. ఒకటి తీసింది. మొదటి రెండు ప్రశ్నలు ఎలాగో లాక్కొచ్చింది. మూడోది ఎల్ఎన్ 5x, అంటే 5x సహజ లాగరిథమ్, దాని అవకలజం, అదే గీత వాలు కనుక్కోవడం.

బోర్డుమీద 1/5x అని రాసేసింది. ఇంతకుముందు కూడా ఇక్కడే మునిగింది పాపం. నమూనాను ఐదింతలు పలచన చేస్తే లోపలున్నదంతా ఐదో వంతు అవుతుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా, ఐదు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే భాగించేస్తుంది.

"నిజమేనా?" అన్నాడు ప్రొఫెసర్.

ఈ మాట ఈ ప్రొఫెసర్లకు ఎవరు నేర్పారో గానీ, సరిగ్గా రాసినవాడికి కూడా అనుమానం పుట్టిస్తుంది. వెనక బెంచీల మీద తమ వంతుకోసం కూర్చున్న కుర్రకారు మెడలు సాచి బోర్డుకేసి చూశారు.

"మీ ప్రయోగశాలలో ఎల్ఎన్‌తో పనేమిటి?" అడిగాడాయన.

"క్లోరిన్ ఎంత త్వరగా తగ్గుతోందో చూస్తామండీ. గంటకోసారి కొలిచి, దాని ఎల్ఎన్ తీసి గీత గీస్తాం. ఆ గీత వాలును బట్టి తెలుస్తుంది."

"ఇంకో సీసాలో ఐదింతల క్లోరిన్ పోస్తే?"

"ఆ గీత ఇంకా పైనుంచి మొదలవుతుందండీ. రెండూ పక్కపక్కనే దిగుతాయి, ఎక్కడా కలవ..."

అక్కడ ఆగిపోయింది. అలాంటి గీతలు ఎన్ని వందలు గీసిందో లెక్కలేదు. వాలు ఏనాడూ మారలేదు. అరచేత్తోనే బోర్డు తుడిచి 1/x అని రాసింది.

"మరి ఐదు ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదండీ, గీతను పైకి లేపింది, అంతే. ఎల్ఎన్ 5x అంటే ఎల్ఎన్ x కి ఎల్ఎన్ 5 కలపడమే. ఎల్ఎన్ 5 మారని సంఖ్య. మారనిదానికి వాలేముంది, సున్నా!"

ఆయన ఆవిడ మార్కుల పుస్తకం తెరిచి పెన్ను తీశాడు. "పదికి ఆరు వేస్తున్నా. ఇంకొక్కటి చెబితే ఏడు."

"వద్దండీ, మీకు దండం పెడతా! ఆరుతోనే పాస్ కదా, అది చాలు. ఇంకేమీ అడక్కండి!"

వెనక కుర్రకారు పగలబడి నవ్వారు. ప్రొఫెసర్ కూడా నవ్వాడు.

వరండాలోకి వచ్చి కిటికీ గట్టుమీద కూలబడింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తా, పాసయ్యాను."

అవతల ఎవరికీ లొంగని ఆ ముసలావిడ వెక్కుతోంది.

"నీ పెళ్ళినాడు నేనేగా, 'ఇంక చదువెందుకే నీకు' అన్నది? ఇన్నేళ్ళూ ఆ మాట నన్ను తినేస్తోందే, కోడలా."

"ఎప్పుడన్నావో నాకు గుర్తే లేదత్తా" అంది బిసెర్కా.

అది పచ్చి అబద్ధం. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు కూడా ఆ మాట మరిచిపోలేదు. ఇవాళ మాత్రం అది నొప్పి పెట్టలేదు.