ఆరువందల యాభై మాటలు

టైపు బాబాయి కొట్టు మెట్ల కింద ఉంటుంది. తల వంచడం మరిచిపోయేవాళ్ల నుదుళ్ల కోసం దూలానికి పాత దిండు ముక్క ఒకటి కట్టి ఉంచాడు. ముప్పై ఏళ్లుగా ఆ వీధి అర్జీలన్నీ ఆయన వేళ్ల మీదుగానే వెళ్లాయి.

ఆ మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వచ్చేసరికి కాలేజీ దరఖాస్తు గడువు ఇంకా రెండు గంటలే ఉంది. పిల్ల కోరుకున్న యంత్రాల చదువు, ఉండటానికి హాస్టలు, రెండూ దొరికేది ఆ ఒక్క కాలేజీలోనే. దానికి మరిచిపోలేని ఒక రోజు గురించి వ్యాసం రాయాలి. ఆరువందల యాభై మాటలు మించకూడదు.

పిల్ల మొదట నాలుగువందల్లోనే ముగించింది. లిఫ్టు మెకానిక్కు అయిన నాన్న వెంట వెళ్లి, లిఫ్టు పైనుండే చీకటి యంత్రాల గదిలో టార్చి పట్టుకుని నిలబడ్డ రోజు గురించి. తల్లి ఊరుకోలేదు. వాళ్లు అంత జాగా ఇస్తే సగం ఖాళీగా పంపుతారా అంటూ, పరీక్షలో పేజీలు నింపినట్టు, పక్కన కూర్చుని మరీ రాయించింది. భర్త పోయి ఏడు నెలలు. చెప్పడం మొదలుపెడితే ఆగలేకపోయింది. కూతురు కాదనలేకపోయింది. సరిగ్గా ఆరువందల యాభై అయింది.

"చదువమ్మా," అన్నాడు బాబాయి టీ గ్లాసు అందుకుంటూ. ఆయన కొలత అదే. ఎదుటివాళ్ల చేత గట్టిగా చదివిస్తాడు. వింటున్నంతసేపూ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోతుంది. మనసు మళ్లిందంటే గుక్క వేస్తాడు.

ముసలామె లిఫ్టులో ఇరుక్కుపోవడం, నాన్న ఇనుప తాళ్లు దిగే కన్నంలోంచి ఆమెతో కబుర్లాడుతూనే చక్రాన్ని చేత్తో తిప్పడం, "టార్చి కదపకు తల్లీ" అనడం... టీ మీద మీగడ కట్టింది. "మా నాన్న ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" దగ్గర మొదటి గుక్క పడింది. అక్కణ్ణుంచి గుక్క మీద గుక్క. వ్యాసం కంటే ముందే గ్లాసు ఖాళీ.

తల్లి ముఖం చిన్నబోయింది. "బాగోలేదా అన్నయ్యగారూ?"

"టార్చి దాకా నేనూ ఆ గదిలోనే ఉన్నానమ్మా. తర్వాత మీ ఇంటికి పరామర్శకు వచ్చినట్టయింది."

"మరి అంత జాగా వదిలేస్తే, ఈ పిల్లకి చెప్పడానికేం లేదనుకోరూ?"

"అది హద్దు చెల్లెమ్మా. హద్దు గోడ దాకా వెళ్లి తల బాదుకోమని వాళ్లనలేదు. నా దూలం చాల్లేదా మీకు?"

పిల్ల ఫక్కున నవ్వి, తల్లిని చూసి ఆపుకుంది. "తీసెయ్యడం నీకిష్టం లేకపోతే ఇలాగే పంపిద్దాంలే అమ్మా."

ఆ "లే" తల్లికి గుచ్చుకుంది. పిల్ల తన సీటు కంటే అమ్మ ఏడుపునే ఎక్కువ చూసుకుంటోందని అప్పుడర్థమైంది.

"పల్లెత్తు మాట దగ్గర్నుంచి తీసెయ్యండి," అంది.

"ఒకటుంచుదాం," అన్నాడు బాబాయి. "ఆ సాయంత్రం ఇంటికొచ్చి, 'ఈవేళ లిఫ్టు ఇద్దరం బాగుచేశాం' అని మీతో అన్నాడని చివర్లో రాయించారే, అది. దానితో ఆపుదాం."

నాలుగువందల ఇరవై. గడువుకి నలభై నిమిషాల ముందే కంప్యూటర్లోంచి దరఖాస్తు వెళ్లిపోయింది.

తల్లి లేవబోతే బాబాయి కొత్త పేజీ తెరిచాడు. "కూర్చోండి. తీసేసినవీ, ఇంకా లోపల ఉన్నవీ చెప్పండి. ఇది ఎక్కడికీ పంపేది కాదు."

బయట ఎవరో తొంగిచూశారు. "కాసేపాగు నాయనా, పెద్ద అర్జీ!" అని కేకేశాడు.

ఏడు నెలలుగా అందరూ ఆమెను ఊరుకోమన్నవాళ్లే. చెప్పమన్నది ఈయనొక్కడే. ఆమె కళ్లు తుడుచుకుని, పెళ్లైన కొత్తలో భర్త వేసుకున్న నీలం చొక్కా దగ్గర మొదలుపెట్టింది.