చారలు పడని మొక్కజొన్న కోసం హుకుంపేటకు

ఇది 1920ల నాటి మాట. వరుసగా రెండేళ్లు చోడవరం దగ్గర మా పొలంలో మొక్కజొన్న మోకాలెత్తు దాటలేదు. ఆకుల మీద పసుపు చారలు తేలి, పొత్తులు గింజ కట్టకుండానే ఎండిపోయాయి. ఆకు కదిపితే నుసిలాంటి పురుగులు గుంపుగా ఎగిరేవి. అవి వాలిన చోటికల్లా తెగులు పాకుతోందని నా అనుమానం. మూడో ఏడూ పంట పోతే పొలం అమ్ముకోవడమే. కొండ మీదా ఇదే తెగులు ఉందనీ, కాసులమ్మ అనే ఆవిడ చేను మాత్రం పచ్చగా నిలుస్తోందనీ హుకుంపేట సంతలో దుకాణం పెట్టే మా ఊరి వర్తకుడు చెప్పాడు. భాద్రపదంలో బయల్దేరాను.

మాడుగుల దాకా ఎడ్లబండి, బాడుగ రూపాయి. రాత్రికి సత్రంలో ఉండి, తెల్లవారి అయిదింటికి కొండదారి పట్టాను. "బేగి ఎక్కీండి బాబూ, మజ్జాన్నానికి వాన దిగిపోద్ది," అన్నాడు బండివాడు. జలగలు పట్టకుండా పిక్కలకు తడి పొగాకు కట్టుకున్నా, పాడేరు చేరేసరికి కాళ్లు నెత్తురే. మర్నాడు మధ్యాహ్నానికి హుకుంపేట. అక్కణ్ణించి వాగు దాటి అరగంట నడిస్తే కాసులమ్మ గూడెం.

ఆవిడ నన్ను నేరుగా చేలోకి తీసుకెళ్లింది. చారలు పడ్డ మొక్కలు అక్కడక్కడే ఉన్నాయి. మిగతావన్నీ పచ్చగా, తలెత్తున ఉన్నాయి.

"ఇవెలా నిలబడ్డాయమ్మా?"

"ఒక ఏడు సేనంతా సచ్చిపోనాది బాబూ. ఒక్క మొక్కే నిలబడ్డాది. ఆ పొత్తు కాల్సీమని మా గుంట ఏడిసింది. ఇయ్యనేదు. ఆకలితోనే తొంగుంది." "ఆ పొత్తే ఇత్తనం సేసినాను. ఏటేటా జబ్బు మొక్కల నడుమ నిలబడ్డదాన్నే దాస్తన్నాను."

ఆ గుంట, అంటే ఆవిడ కూతురు, ఇప్పుడు నిండు చూలాలు. పేరు చిన్నమ్మి. గుమ్మంలో కూర్చుని చేటలో చోళ్లు చెరుగుతోంది.

పొయ్యి మీద పొగలో ఏడు విత్తనపు పొత్తులు వేలాడుతున్నాయి. రెండు ఇమ్మని అడిగాను.

"ఈ పంట ఇంకా సేతికి రానేదు. అయ్యి ఇచ్చీసి, ఇదీ పోతే మాకేటుంది?" అంది కాసులమ్మ.

మా చేలోంచి తెచ్చిన ఎండుటాకు ఆవిడ చేతిలో పెట్టాను. జ్వరం చూసినట్టు ఆ చారల మీద వేలు పెట్టి తడిమింది.

"పిల్లలున్నారా?"

"ఇద్దరమ్మా."

చిన్నమ్మి గోడ పట్టుకుని లేచింది. తనే రెండు పొత్తులు విప్పి నా గుడ్డసంచిలో వేసింది. "తీసుకెళ్లు బాబూ. అమ్మ ఏటీ అనదు." కాసులమ్మ కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది. వద్దనలేదు.

ఆ గింజల్ని మా పెద్ద పొత్తు రకం పక్కన వేసి, పూతకొచ్చాక వీటి పుప్పొడిని వాటి పీచు మీద దులిపాను. అలా వచ్చిన విత్తనం వేస్తే తొలి ఏడు సగానికి పైగా చారలే. నిలబడ్డవే దాచాను. నాలుగో ఏటికి చేను నన్ను మించి ఎదిగింది. ఒక బుట్ట పొత్తులు మోసుకెళ్లి కాసులమ్మ ముంగిట దించాను. గింజ కొరికి, "పెద్దదయినాది గానీ తీపి తగ్గినాది," అంది. నిజమే.

మొక్కల్ని సంకరం చేసింది నేనే అని చాలాకాలం చెప్పుకున్నాను. అందులో కష్టమైన పని ఆకలితో ఉన్న బిడ్డకు పొత్తు ఇవ్వకపోవడం. దాన్ని ఆ తల్లి నాకంటే ఎంతో ముందే చేసేసింది. విత్తనం కోసం కొండెక్కేవాళ్లకు నాదొకటే మాట: దారి బురదైనా సరే, పంట చేలో ఉండగానే వెళ్లండి. ఏ మొక్క తెగులు మధ్యన నిలబడిందో అప్పుడే కనిపిస్తుంది. పొయ్యి మీద వేలాడేటప్పుడు పొత్తులన్నీ ఒక్కలాగే ఉంటాయి.