పిప్పలి తీగ వేళ్ళతో పోయిన రోజు

నేను పదో తరగతి చదివే రోజులు. నాన్నది కలకత్తా రేవులో పని, మా ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో. అక్క మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. బాలింతకి పెట్టే కాయం మందులోకి పిప్పళ్ళు కావాలని అమ్మ నన్ను వెంటబెట్టుకుని మెటియాబ్రుజ్‌లో పాత గోదాముల వెనక్కి వెళ్ళింది. అక్కడి చిత్తడిలో పిప్పలి తీగ దానంతటదే అల్లుకుని ఉండేది. అమ్మ ఎప్పుడెళ్ళినా ముదురు కాయలు మాత్రమే కోసేది, తీగని కదలనిచ్చేది కాదు.

ఆ రోజు ఇద్దరు మనుషులు పారలతో తీగని వేళ్ళతో సహా పెకలిస్తున్నారు.

"ఏటి బాబూ ఇది? కాయలు కోసుకోండి, ఏర్లు ఒగ్గేయండి!" అని అమ్మ అరిచింది. వాళ్ళకి తెలుగు రాదు. "నువ్వు సెప్పవే!" అంది నాతో. నేను బెంగాలీలో బతిమాలాను.

"వ్యాపారి వేళ్ళే అడిగాడు, దీదీ. మేం తీయకపోతే రేపు ఇంకొకరు తీస్తారు," అన్నాడు వాళ్ళలో పెద్దాయన, తలెత్తకుండానే.

అమ్మ తీగని రెండు చేతులా పట్టుకుని లాగింది. అది అప్పటికే ఊడిపోయి ఉంది. అమ్మ వెల్లకిలా బురదలో పడింది. ఆ పెద్దాయనే లేవదీసి, రాలిన కాయలు గుప్పెడు ఏరి ఇవ్వబోయాడు. ఇంట్లో అక్క పచ్చి బాలింత. అమ్మ ఏడుస్తూనే కొంగు పట్టింది.

అక్కడ పిప్పలి మళ్ళీ మొలవలేదు. అతన్ని తిట్టలేక, అతనిచ్చింది వద్దనలేక నిలబడ్డ అమ్మ ముఖం ఈనాటికీ మరిచిపోలేను.