ఏడో తారీకు క్రిస్మస్

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం, మ్యూనిక్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే, ఎవరింట్లోనో తేనె కాచి అక్రోటు పప్పులు వేస్తున్న వాసన వచ్చింది. కమ్మగా, అడుగున కొంచెం మాడినట్టు ఉండే ఆ వాసన నన్ను జర్మనీలోనే వాల్డార్ఫ్ పక్క ఊళ్లోని మా అమ్మానాన్నల ఇంటికి, నా ఏడో ఏటికి తీసుకుపోయింది.

నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ హాస్పిటల్లో నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మాకు అక్కడ చుట్టాలెవరూ లేరు. అందుకని అమ్మ తెల్లవారకముందే డ్యూటీకి పోయే రోజుల్లో నన్ను లేపి, జడలు వేసి, బడికి పంపడానికి జార్జియా దేశం నుంచి నీనో వచ్చింది. ఇలా ఒక ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటూ జర్మన్ నేర్చుకునే అమ్మాయిల్ని ఓపేర్ అంటారు. అమ్మ తనను 'అక్కా' అని పిలవమని నీనోకి చెప్పింది. నాకు ఆమె నీనో అక్క.

ఆ శరదృతువంతా మేమిద్దరం తడి ఆకుల్లో చెస్ట్‌నట్ గింజలు ఏరుకున్నాం, నవంబరు చలిలో కాగితపు లాంతర్లు పట్టుకుని పిల్లల ఊరేగింపులో నడిచాం. డిసెంబరు వచ్చాక అమ్మ కిటికీలో నక్షత్రం వేలాడదీసి, బెల్లం పాకం పట్టి అరిసెలు మొదలుపెడితే, ఆ పొగకు వంటింటి అలారం కూత పెట్టేది. నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలు విసిరేవాడు. నీనో అక్క అరిసెలు నొక్కుతూ పడీపడీ నవ్వేది.

అలాంటిది పండుగ దగ్గరపడే కొద్దీ ఆమె తినడం తగ్గించేసింది. క్రిస్మస్ నాడు, తెలుగు స్టూడెంట్లతో ఇల్లు నిండిపోయినప్పుడు, బిర్యానీ ముట్టలేదు, పెరుగు కూడా వద్దంది. అడిగితే కడుపు బాగాలేదంది.

"మన తిండి పడట్లేదండీ ఆ పిల్లకి. ఎక్కువ రోజులుండదు," అంది అమ్మ నాన్నతో. ఆమె వెళ్లిపోతే అమ్మ ఉద్యోగం మానాల్సిందే.

జనవరి ఆరున, ఊళ్లో అందరిలాగే, నాన్నా నేనూ క్రిస్మస్ చెట్టును ఈడ్చుకెళ్లి వీధి చివర పడేశాం. బయటినుంచి వచ్చిన నీనో అక్క ఖాళీ మూలను చూసి, కోటు కూడా విప్పకుండా బూట్ల బల్ల మీద కూర్చుని ఏడ్చింది.

"రేపు మాకు క్రిస్మస్," అంది వచ్చీరాని జర్మన్‌లో. వాళ్ల చర్చి తేదీల లెక్క వేరట. అందాకా నలభై రోజులు మాంసం, పాలు ముట్టరట. "మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు, అక్కా."

"ఓసి పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ!" అని అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఏవండీ, పోయి ఆ చెట్టు తీసుకురండి."

"పారేసింది మళ్ళీ తెస్తారా ఎవరైనా?"

"తేకపోతే ఆ పిల్ల పండగెట్టా చేసుకుద్ది?"

సన్నటి వానలో, వీధి చివరి చెట్ల కుప్పలో మా చెట్టేదో పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎదురింటి ముసలావిడ కిటికీలోంచి, "పండుగ అయిపోయింది కదా!" అని అరిచింది. నాన్న తల వంచుకునే, "మా ఇంట్లో రేపండీ," అన్నాడు. సగం ఆకులు మెట్ల మీదే రాలిపోయాయి.

మర్నాడు నీనో అక్క తేనె కాచి, అక్రోటు పప్పులు కలిపి, మన పప్పుచెక్కల్లా ముక్కలు కోసింది. అమ్మ మళ్ళీ బిర్యానీ వండింది. నీనో అక్క రెండుసార్లు వడ్డించుకుని తింటుంటే, అమ్మ తను తినడం మరిచిపోయి చూస్తూ కూర్చుంది. నీనో అక్క ఏడాదంతా ఉంది. అమ్మ ఉద్యోగం నిలిచింది.

తర్వాత ఆమె హాంబర్గ్‌లో నర్సింగ్ చదివి, అక్కడే పెళ్లి చేసుకుంది. ఈ జనవరి ఏడున నేను అమ్మావాళ్ల ఊళ్లో ఉండగా అమ్మ ఆమెకు ఫోను చేసి, ఏటా లాగే ఈసారీ ఏడో తారీకు దాకా చెట్టు తియ్యలేదని గర్వంగా చెప్పింది.

"మేం ఎప్పుడో తీసేశాం, అక్కా," అంది నీనో అక్క. "ఇవాళ నాకు డ్యూటీ, పిల్లలకు బడి. మా ఇంట్లో ఇప్పుడు డిసెంబరు పండుగే."

ఆ సాయంత్రం అమ్మ నాన్నతో చెట్టు బయట పెట్టించింది. మిగతా ఇళ్ల చెట్లను అప్పటికే బండి తీసుకుపోయింది. వీధి చివర మాదొక్కటే ఉంది.